గూటం జరిపిన చోటు

క్రామర్–రావు అసమానతను ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోర్డు మీద రాశాను. ఎడమ పక్క వేరియన్స్, కుడి పక్క ఒకటి బై ఇన్ఫర్మేషన్, మధ్యలో ‘దీనికంటే తక్కువ కాదు’ అనే గుర్తు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి ఎమ్మెస్సీ పిల్లలు కిక్కురుమనకుండా ఎక్కించుకునేవాళ్ళు. రుజువు ఒక షరతుతో మొదలవుతుంది: అంచనా నిష్పాక్షికంగా ఉండాలి. ఆ మాటను ప్రతి ఏడాదీ గబగబా చదివేసి కాలిక్యులస్‌లోకి దిగిపోయేవాణ్ణి. కుర్రతనంలో నేను చేసిన వెధవపని ఆ ఒక్క షరతు దగ్గరే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ అసమానత పేరులో ఉన్న సి.ఆర్. రావు గారిని తత్వవేత్త అంటే గణాంకాల వాళ్ళు నవ్వుతారు. తత్వశాస్త్రం వాళ్ళు ఆయనెవరని అడుగుతారు. మా తిరుపతిలో తత్వానికేం కొదవ లేదు. కొత్త సచ్చిదానందమూర్తి గారంతటి ఆయన 1970లలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. సంస్కృత విద్యాపీఠంలో న్యాయశాస్త్రం, అంటే తర్కం, చదివే పిల్లలు కొండ మీద పొగను చూసి నిప్పుందని చెప్పడం ఎంతవరకు సబబో రోజంతా వాదించుకునేవాళ్ళు. వంటింట్లో పొగ ఉన్న ప్రతిసారీ నిప్పుంది, సరే. ఎన్ని వంటిళ్ళు చూస్తే కొండ మీద కూడా ఉందని చెప్పొచ్చు? నేను లెక్కలు చదివినవాణ్ణి కాబట్టి ఇది నాకు పట్టని గొడవ అనుకునేవాణ్ణి. నిజానికి నా జీతం మొత్తం ఆ ప్రశ్న మీదే నడిచింది.

రావు గారు 1920 సెప్టెంబర్ 10న హూవిన హడగళిలో పుట్టారు. అప్పటి బళ్ళారి జిల్లా అది, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. దత్తమండలాల్లో బళ్ళారి కూడా ఒకటి గనక సీమవాళ్ళం ఆయన మీద కొంచెం హక్కు చూపిస్తాం. ఎనిమిదో సంతానం, అందుకని కృష్ణుడి పేరు పెట్టి రాధాకృష్ణ అన్నారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టర్. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరికి విశాఖపట్నం చేరారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన అమ్మ లక్ష్మీకాంతమ్మ గారిని ఆయన చివరిదాకా తలుచుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే అయ్యాక ఏదో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఆ ఉద్యోగం రాలేదు. 1941లో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. రాని ఉద్యోగాల్లో ఇంత పనికొచ్చినది ఇంకొకటి నాకు తెలియదు.

1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేశాడు. పేదరికం లెక్కల మీద తర్వాత దేశమంతా చర్చ లేపిన ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ ఆయనే. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు అంచనాలో పొరపాటు ఇంతకంటే తగ్గదని గణాంకవేత్త ఫిషర్ ఒక హద్దు చూపించాడు కదా, మరి చిన్న శాంపిల్ సంగతేమిటి, దానికీ అలాంటి హద్దుందా? క్లాసులో జవాబు లేదు. రావు గారు ఇంటికెళ్ళి రాత్రంతా కూర్చుని తెల్లారేసరికి రుజువు చేశారు. 1945లో కలకత్తా మ్యాథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు నిండాయో లేదో.

ఆ హద్దులో గణితం ఎంతుందో తత్వం అంతే ఉందని ఇప్పుడంటాను. నీ దగ్గరున్న సమాచారం ఇంత. నువ్వెంత తెలివైనవాడివైనా, ఎంత గొప్ప సూత్రం కనిపెట్టినా, పక్షపాతం లేకుండా చెప్పదలిస్తే నీ మాటలో ఇంత చెదురు ఉండి తీరుతుంది. డేటాలో లేని కచ్చితత్వాన్ని బుర్రలోంచి తీసి కలపలేవు. ఒకవేళ నీ లెక్క ఆ హద్దు కంటే ముద్దగా వచ్చిందంటే సంబరపడడానికేం లేదు. పక్షపాతం ఎక్కడ దూరిందో వెతుక్కోవాలి.

నాది అలా ముద్దగా వచ్చిన లెక్కే.

ఎమ్మెస్సీ అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు ఒక దిగుబడి సర్వేలో తాత్కాలిక ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. చంద్రగిరి, పాకాల వైపు వర్షాధారం సెనక్కాయ చేలు. అప్పట్లో ఎక్కువ టి.ఎం.వి.-2 రకమే వేసేవాళ్ళు. పంట కోత ప్రయోగం ఎలా చేస్తారో చూడనివాళ్ళ కోసం చెబుతాను. చేను పొడవు, వెడల్పు అడుగులతో కొలవాలి. ర్యాండమ్ నంబర్ల పట్టికలోంచి రెండు అంకెలు తీయాలి. చేను నైరుతి మూల నుంచి ఒక అంకె ప్రకారం పొడవున, ఇంకో అంకె ప్రకారం అడ్డంగా నడిచి ఆగిన చోట గూటం కొట్టాలి. అక్కడి నుంచి అయిదు మీటర్ల చదరానికి తాడు కట్టి, అందులోని చెట్లన్నీ పెరికి, కట్టె నుంచి కాయలు తుంచి, మట్టి దులిపి తూకం వేయాలి. తూచిన కాయను ఎండబెట్టి మళ్ళీ తూచాలి. పని మొత్తంలో గట్టి నియమం ఒక్కటే: అంకెలు ఎక్కడికి తీసుకెళితే అక్కడే గూటం. పట్టికలో అంకె చూసింది మొదలు గూటం దిగేదాకా మన బుర్రకు అక్కడ పని లేదు.

ఒక చేలో నా అంకెలు బండ పక్కకు తీసుకెళ్ళాయి. నాలుగు వేళ్ళ లోతు మట్టి. చెట్లు ఎర్రబారి పలచగా ఉన్నాయి. చేను గల రైతు చూసి మొహం చిట్లించాడు.

“ఈడ ఏముండాది సామీ? అంతా తాలే. ఆ దిగువ పక్క పెరుక్కో, కాయ బాగుండాది. ఈ రాళ్ళల్లో పెరికి మా చేను పరువు తీస్తావా ఏమి?”

ఆయన అన్నాడని జరిపానంటే అది అబద్ధం. ఆయన చెప్పకముందే నా మనసులో ఉంది. చేను మొత్తం ఒకలా ఉంటే ఈ మూల ఒక్కటీ ఇంకోలా ఉంది, ఇది ఈ చేనుకు మాదిరి ఎట్లా అవుతుంది అనుకున్నాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, మాదిరి అంటే ఏమిటో నాకు తెలియదా? గూటం పీకి పది బారల అవతల కొట్టాను. తర్వాత ఊళ్ళో ఇంకో చేలో అంకెలు బావి పక్క వెలుగు వారకు తీసుకెళ్ళాయి. అక్కడ తేమకు చెట్లు గుబురుగా ఉన్నాయి. అది మరీ ఎక్కువ చెబుతుందని దాన్ని కూడా మధ్యకు లాగాను. అలా రెండు వైపులా లాగాను కాబట్టి న్యాయంగానే ఉన్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే బండ మూలలు ఎక్కువ, బావి మూలలు తక్కువ. వర్షాధారం చేలల్లో అంతే కదా. కాబట్టి నేను జరిపినవి ఎక్కువగా మంచి వైపుకే జరిగాయి. ఆ సంగతి అప్పట్లో లెక్క వేసుకోలేదు.

ఇంకొకటి ఉంది. నేను వెళ్ళేసరికి రెండు చేలల్లో చెట్లు పెరికేసి కట్టె మోపులు ఇంటికి చేరవేశారు. బస్సు తప్పిపోయి ఆలస్యంగా వెళ్ళినందుకు ఏం రాయాలో తెలియలేదు. పాకాల బస్టాండు దగ్గర టీ అంగడిలో కూర్చుని ఆ రెండు కాగితాలూ నింపేశాను. తూకం రెండుంబావు ఒకటి, రెండున్నరకు కొంచెం తక్కువ ఒకటి. పక్కపక్కన ఒకే అంకె రాకూడదని, గుండ్రంగా ఉండకూడదని జాగ్రత్త పడ్డాను. ఈ విషయం మా సూపర్‌వైజర్‌కు కూడా తెలియదు. ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

ఆ సర్వేలో మహలనోబిస్ పద్ధతి ఒకటి పెట్టారు. బెంగాల్‌లో జనపనార పంట విస్తీర్ణం లెక్కపెట్టే రోజుల్లో ఆయన కనిపెట్టినది. ఒకే ప్రాంతానికి రెండు శాంపిళ్ళు విడివిడిగా తీసి ఇద్దరు వేర్వేరు మనుషులకు ఇస్తారు. ఇద్దరి లెక్కలూ దగ్గరగా వస్తే సరే. రాకపోతే తేడా చేలల్లో ఉందా, మనుషుల్లో ఉందా అని తెలిసిపోతుంది. నాకు జోడీగా అవే ఊళ్ళు తిరిగింది చిత్తూరు వైపు కుర్రాడు. మాట తక్కువ. ర్యాండమ్ అంకె చెప్పిన చోటనే గూటం కొట్టి వచ్చేవాడు, ఎందుకో అడిగేవాడు కాదు. వాణ్ణి చూసి మనసులో కొంచెం నవ్వుకునేవాణ్ణి.

పని అయిపోయాక సూపర్‌వైజర్ రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టారు. వాడి కాగితంలో అరకిలో కూడా రాని గళ్ళున్నాయి, నాలుగు కిలోలు దాటినవీ ఉన్నాయి. నావన్నీ రెండు, రెండుంబావు, రెండున్నర. సగటు కూడా వాడిదానికంటే ఎక్కువ. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని అడిగారు.

“ఏం నాయనా, నీ వంతుకొచ్చిన చేలల్లో యాడా రాళ్ళే లేవా?”

నేను తల దించుకుని ఉండాల్సింది. దానికి బదులు వాదించాను. “నా లెక్కల్లో చెదురు తక్కువ సార్, స్టాండర్డ్ ఎర్రర్ చూడండి, నాదే నమ్మదగిన అంచనా” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. నా కాగితాల మీద అడ్డంగా గీత గీసి, “చేలు పెరికేసినారు, మళ్ళీ పోయి చేసేదానికి కూడా లేదు” అన్నారు. కాసేపాగి ఇంకో మాట అన్నారు. 1985 నుంచి పంటల బీమా వచ్చింది కదా, ప్రాంతం సగటు దిగుబడి నిర్ణయించిన మట్టం కంటే తగ్గితేనే రైతుకు పరిహారం. అక్కడ కూడా ఇట్లాంటి గూటాలే కొడతారు. ఇదే బీమా కోత అయ్యుంటే నువ్వు బండ పక్క నుంచి జరిపిన ప్రతి గూటానికీ ఆ ఊళ్ళో వాళ్ళ పరిహారం తగ్గేది.

చేను పరువు కాపాడమన్న రైతుకు నేను చేసింది అది.

ఇంత జరిగినా నా బోధనలోకి అదేమీ రాలేదు. లెక్చరర్‌ని అయ్యాక అసమానత వేరు, గూటం వేరు అన్నట్టే ఉన్నాను. కొన్నేళ్ళకు లైబ్రరీలో రావు గారి ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ దొరికింది. రామానుజన్ శతజయంతికి ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1989లో పుస్తకంగా వచ్చాయి. సూత్రాలు తక్కువ, ఆలోచన ఎక్కువ. మనకున్న జ్ఞానంలో చాలా భాగం అనిశ్చితమైనదే. అయితే ఆ అనిశ్చితి ఎంతో తెలిస్తే ఆ జ్ఞానాన్ని వాడుకోవచ్చు. ఆయన వాదన సారం ఇది. నిన్న జరిగినందువల్ల రేపు కూడా జరుగుతుందనడానికి తర్కంలో ఆధారమేదని 18వ శతాబ్దంలో తత్వవేత్త హ్యూమ్ నిలదీశాడు. సిద్ధాంతాన్ని నిజమని ఎప్పటికీ రుజువు చేయలేం, తప్పని మాత్రమే తేల్చగలమని 1934లో పాపర్ అన్నాడు. రావు గారు వాళ్ళతో పోట్లాటకు దిగరు. సరే, నిశ్చయం దొరకదు, మరి రేపు పొద్దున నిర్ణయం తీసుకోవాల్సినవాడు ఏం చేయాలి అని అడుగుతారు. నాకు పాపర్ కంటే ఇది నచ్చింది. బహుశా నేను కూలి లెక్కల మనిషిని కావడం వల్ల కావచ్చు.

ఆ పుస్తకంలో ఒక కథ నన్ను పట్టుకుంది. 1947 అల్లర్లలో ఢిల్లీలో చాలామంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్ళకు తిండి పెట్టే కాంట్రాక్టర్లు బిల్లులు పంపుతున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో సర్కారుకు తెలియదు, లోపలికి వెళ్ళి లెక్కపెట్టే పరిస్థితి కూడా లేదు. గణాంకాల వాళ్ళను పిలిచారు. జె.ఎం. సేన్‌గుప్తా ఆ బిల్లులే తీసుకున్నారు. బియ్యం ఇంత, పప్పు ఇంత, ఉప్పు ఇంత. మనిషి రోజుకు ఏది ఎంత తింటాడో పాత సర్వేల నుంచి తెలుసు. ఒక్కోదాన్ని దాని తలసరితో భాగించారు. మూడూ ఒకే జనాభా చెప్పాలి. చెప్పలేదు. బియ్యం లెక్కన జనం చాలా ఎక్కువ, ఉప్పు లెక్కన అందరికంటే తక్కువ. ఆయన ఉప్పునే నమ్మారు. బియ్యం ఖరీదైనది, ఎక్కువ రాస్తే లాభం. ఉప్పు చవక, దాంట్లో అబద్ధం చెప్పి ఎవడికీ ఒరిగేదేం లేదు. హుమాయూన్ సమాధి దగ్గరున్న ఇంకో శిబిరంలో జనం ఎంతో తెలుసు. అక్కడ ఉప్పుతో లెక్కవేసి చూస్తే అంకె దగ్గరగానే వచ్చింది.

ఇది చదివాక నా పని నాకు అర్థమైంది. పెళ్ళిళ్ళలో వంటవాడు చెప్పే బియ్యం లెక్క ఎవరూ నమ్మరు. నా సెనక్కాయ కాగితం అలాంటి బియ్యం లెక్క. కాంట్రాక్టరుకు డబ్బు ఆశ, నాకు చదువుకున్నవాడిననే గర్వం, అంతే తేడా. ర్యాండమ్ అంకెకు చేను మీద ప్రేమ లేదు, రైతు మీద మొహమాటం లేదు, తన చదువు చూపించుకోవాలన్న తాపత్రయం లేదు. నేను పనికిరాదని తీసేసింది దాన్నే.

డేటా వండడం మీద కూడా ఆ పుస్తకంలో చర్చ ఉంది. వంశపారంపర్యం మీద మెండెల్ చేసిన బఠాణీ లెక్కల్ని ఫిషర్ 1936లో తిరగేశాడు. సిద్ధాంతం చెప్పిన దానికి అవి మరీ దగ్గరగా ఉన్నాయి. నిజంగా లెక్కపెడితే అంత చక్కగా కుదరడానికి అవకాశం లక్షలో ఏడు వంతులు. మెండెల్ సిద్ధాంతం తప్పు కాదు. ఫిషర్ అనుమానం ఎవరో సహాయకుడి మీద, గురువుకు ఏం కావాలో తెలిసి గింజల్ని అటూ ఇటూ సర్దాడేమోనని. ఈ విషయం మీద ఇప్పటికీ వాదనలున్నాయి. నాకు మాత్రం పాకాల టీ అంగడి గుర్తొచ్చింది. ఊహలో నాణెం ఎగరేసి రాయమంటే మనం వరసగా అయిదారు బొమ్మలు రాయడానికి భయపడతాం. నిజం నాణెం భయపడదు.

ఆ తర్వాత పాఠం మార్చాను. రుజువుకు ముందు ఒక క్లాసు మొత్తం ఆ షరతు మీదే నడిపాను. పిల్లలకు అంత నచ్చలేదు, పరీక్షలో రాని విషయం కదా. ఒకమ్మాయి మాత్రం లేచి, “పక్షపాతం ఉన్న అంచనాయే కొన్నిసార్లు మొత్తం మీద తక్కువ తప్పు చెబుతుంది కదా సార్” అంది. అది కూడా నిజమే. తెలిసి పెట్టుకున్న పక్షపాతానికి కొలత ఉంటుంది. నాది తెలియకుండా పెట్టుకున్నది, పైగా తెలివి అనుకుని పెట్టుకున్నది.

రావు గారితో నాకు ఒక్క చోట కుదరదు. మన తీర్పులన్నీ చివరికి గణాంకాలే అన్న ధోరణి ఆయనది. ఆయన ఆ మాట అనగలరు. 102 ఏళ్ళు బతికి, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు. అయితే బీమా విషయంలో ఒక రైతు నన్ను అడిగిన దానికి ఆ ధోరణిలో జవాబు దొరకలేదు. ఆ రైతు చేను పూర్తిగా ఎండిపోయింది. మండలం సగటు బాగుంది కాబట్టి పరిహారం లేదు. “ఆ సగటు చేను యాడుండాది సామీ? ఒకసారి చూపీ, నేను కూడా ఆడనే సేద్యం చేసుకుంటా” అన్నాడు. ఒక్క మనిషి సంగతి చెప్పాలంటే అతన్ని ఏ గుంపులో కలిపి చూడాలన్నది సంభావ్యత మీద రాసిన తత్వవేత్తలకు 19వ శతాబ్దంలో వెన్ కాలం నుంచీ తెగని చిక్కు. రైకెన్‌బాక్ దాని మీద చాలా రాశాడు, తేలలేదు.

సర్కారు మాత్రం ఏదో ఒకటి తేల్చాలి కాబట్టి గుంపును చిన్నది చేసింది. ఇప్పటి ఫసల్ బీమా నియమాల్లో ముఖ్యమైన పంటకు గ్రామమే యూనిట్, ఊరికి కనీసం నాలుగు కోతలు. రైతుకు ఇది మేలే, సగటు అతని చేనుకు దగ్గరకొచ్చింది. దండేకర్ అడిగిన చిన్న శాంపిల్ కూడా దాంతోపాటే వచ్చింది. పదహారు కోతల నుంచి నాలుగుకు దిగితే అంచనాలో పొరపాటు రెట్టింపవుతుంది, దాన్ని ఏ సూత్రమూ తప్పించలేదు. పైగా ఆ నాలుగింటిలో ఒక గూటం జరిపితే ఊరి లెక్కలో పావు వంతు జరిగినట్టే. ఈ మధ్య కోతలకు వెళ్ళే కుర్రాళ్ళకు చెప్పమని పిలిస్తే బోర్డు మీద అసమానత రాయలేదు. బండ పక్క అంకె పడితే అక్కడే కొట్టండి, కాయ ఏమీ లేకపోతే సున్నా వేయండి, వెళ్ళేసరికి చేను పెరికేసి ఉంటే పెరికేశారనే రాయండి అన్నాను. ఒకడు అడిగాడు, “సున్నా వేస్తే పైవాళ్ళు ఒప్పుకుంటారా సార్?” అని. ఒప్పుకోకపోవచ్చని చెప్పాను.